కొత్త మోటారు వేసినా ఆగని లీకు: కోనసీమలో ఒక వాషర్ ట్యాంకు కేసు

బండి ఎనిమిదేళ్ళ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. వెనక అద్దానికి కూడా వైపరు, నీళ్ళ జెట్టు ఉన్న రకం. ఉండేది రాజోలు వైపు ఒక పల్లెలో, ఇంటి పక్క రేకుల షెడ్డులో. షెడ్డుకు ఒక పక్క గడ్డివాము, ఇంకో పక్క ధాన్యం బస్తాలు. ఫిర్యాదులు మూడు. అద్దం కడిగే నీళ్ళ ట్యాంకు (వాషర్ ట్యాంకు) సాయంత్రం నింపితే తెల్లారేసరికి ఖాళీ అవుతోంది. డ్రైవరు వైపు జెట్టు అద్దం మీదికి లేవకుండా బానెట్ మీదే జారిపోతోంది. డిక్కీలో కార్పెట్ తడిసి ముక్కిపోయిన వాసన వస్తోంది.

అంతకు ముందే ఒక చోట ఆ నీటిని జెట్టుకు తోసే వాషర్ మోటారు మార్చారు. మార్చాక లీకు ఆగలేదు సరికదా, కాస్త పెరిగింది. నీరు కారుతోందంటే మోటారు పోయిందని అనుకోవడం చాలా షెడ్లలో మామూలే. మోటారు పాడైతే సాధారణంగా నీరు కొట్టదు, లేదా మూలుగుతుంది. కారడానికి కారణాలు వేరు. ఏ భాగమూ విప్పకముందే తేల్చాల్సింది ఒక్కటి: నీరు బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడు పోతోందా, నీరు కొట్టే వాషర్ లివరు నొక్కినప్పుడు మాత్రమే పోతోందా? ఈ ప్రశ్న వేయకపోవడం వల్లే ఈ బండికి అవసరం లేని మోటారు పడింది.

డెల్టాలో వాషర్ నీళ్ళు లేకుండా రాత్రి బండి నడపడం ప్రమాదం. వరి కోతల కాలంలో, చెరువుల గట్ల వెంట దీపాల దగ్గర, పురుగులు గుంపులుగా అద్దానికి తగులుతాయి. పొడి వైపరు వేస్తే అవి నలిగి జిడ్డు పూతలా పరుచుకుంటాయి, ఎదురు లైటు పడగానే రోడ్డు కనబడదు. చేపలు, రొయ్యలు తీసుకెళ్ళే లారీల నుంచి ఉప్పు నీరు, మంచు నీరు రోడ్డు మీద కారుతుంటుంది. వెనక వచ్చే బండి అద్దానికి అది చిమ్మి, ఆరాక తెల్లటి చార మిగులుతుంది. 216 జాతీయ రహదారి మీద చించినాడ వంతెన వైపు రాత్రి పూట వెళ్ళేవాళ్ళకు ఇది బాగా తెలిసిన ఇబ్బంది. పైగా ఇసుక రేణువులున్న అద్దం మీద పొడి వైపరు తిప్పితే గీతలు శాశ్వతంగా ఉండిపోతాయి.

వ్యవస్థ ఎలా పనిచేస్తుందో ముందు చూడాలి. ఈ బండిలో ట్యాంకు ఎడమ ముందు చక్రానికి ముందు, బంపరు వెనక ఫెండరులో (చక్రాన్ని కప్పే పక్క రేకు లోపల) ఉంది. పైన కనబడేది మూత, మెడ మాత్రమే. ట్యాంకు అడుగుకు దగ్గరగా పక్క గోడలో ఒక రంధ్రం, అందులో రబ్బరు గ్రోమెట్ (నీరు కారకుండా పట్టి ఉంచే వలయం), గ్రోమెట్‌లోకి దూర్చిన 12 వోల్టుల మోటారు. ముందు, వెనక రెండు అద్దాలకూ ఒకే మోటారు. కరెంటు ఒక దిశలో వెళ్తే ముందు పైపులోకి, తిరగేస్తే వెనక పైపులోకి నీరు తోస్తుంది. పైపులు విప్పేటప్పుడు ఒకదానికి రంగు టేపు చుట్టకపోతే తిరిగి పెట్టేటప్పుడు తారుమారై, ముందు లివరు నొక్కితే వెనక అద్దం తడుస్తుంది. మోటారు లోపల తిరిగేది చిన్న రెక్కల చక్రం. ఆగి ఉన్నప్పుడు అది నీటికి అడ్డు పడదు. అందుకే పైపు ఎక్కడైనా ట్యాంకులో నీటి మట్టం కంటే కింద తెగితే, మోటారు తిరగకపోయినా ట్యాంకు దానంతట అదే ఖాళీ అవుతుంది. పరీక్షలో చాలామంది దెబ్బతినేది ఇక్కడే: నిలబడి ఉన్నప్పుడు కారుతోందంటే ట్యాంకుదే తప్పని తేల్చేస్తారు.

పరీక్ష ఇలా చేశాం. బండిని చదునైన గచ్చు మీద నిలిపి, కింద గచ్చు పూర్తిగా ఆరాక పాత పేపర్లు పరిచాం. ట్యాంకులో లీటరు సీసాతో కొలిచి 2 లీటర్ల మంచినీళ్ళు పోశాం, అందులో కాస్త మిఠాయి రంగు కలిపాం. రంగు లేకపోతే ఏసీ నుంచి కారే నీటికీ ఈ నీటికీ తేడా తెలియదు. లివరు ముట్టుకోలేదు. కొద్దిసేపటికే ఎడమ బంపరు కింద పేపరు మీద రంగు చుక్కలు మొదలయ్యాయి. రాత్రంతా వదిలేశాక చూస్తే ట్యాంకు అడుగున కాస్త నీరు మాత్రం మిగిలింది, అక్కడితో కారడం ఆగింది.

ఈ ఆగిన మట్టం చాలా ముఖ్యం. నీరు ఏ ఎత్తు దాకా దిగి ఆగిందో, రంధ్రం ఆ ఎత్తులోనే ఉంటుంది. ట్యాంకు సగంలో ఆగితే ఆ ఎత్తులో పగులు వెతకాలి. మెడ కింద ఆగితే మెడ, ట్యాంకు కలిసే జాయింటు చూడాలి. ఇక్కడ మోటారు రంధ్రం కింది అంచు దాకా దిగి ఆగింది. అంటే గ్రోమెట్, మోటారు, లేదా మోటారు తర్వాత తక్కువ ఎత్తులో తెగిన పైపు, ఈ మూడింట్లో ఏదో ఒకటి.

ఆ మూడింటినీ విడదీయడానికి పైపులు నొక్కి చూడాలి. మోటారు నుంచి బయటికొచ్చే రెండు పైపులనూ మోటారుకు నాలుగు వేళ్ళ దూరంలో మడిచి, జిప్ టైతో (ప్లాస్టిక్ కట్టు పట్టీతో) బిగించాలి. ప్లయరుతో నేరుగా నొక్కితే పాత పైపు అక్కడే చీలుతుంది. మడిచాక కారడం ఆగితే తప్పు పైపుల్లో ఉన్నట్టు. ఆగకపోతే ట్యాంకు వైపు. ఈ బండిలో ఆగలేదు. ఆపైన మోటారు ఒంటిని గుడ్డతో బాగా తుడిచి, గ్రోమెట్ కింద ఒకటి, మోటారు రెండు ముక్కలు కలిసే అతుకు మీద ఒకటి టిష్యూ కాగితం చుట్టాం. ముందు తడిసింది గ్రోమెట్ దగ్గరిది. కొత్త మోటారు నిర్దోషి.

ఇదంతా చూడాలంటే చక్రం తీసి, ఫెండరు లోపలి ప్లాస్టిక్ లైనరు విప్పాలి. స్టీరింగు పూర్తిగా కుడికి తిప్పి లైనరు ముందు భాగం మాత్రం వంచినా చెయ్యి దూరుతుంది గానీ, కన్ను దూరదు. జాకీ ఒక్కటే పెట్టి కింద చెయ్యి పెట్టకూడదు, స్టాండు తప్పనిసరి. లైనరు క్లిప్పులు ఎండకు పెళుసెక్కి ఉంటాయి, విప్పేటప్పుడు కొన్ని విరగడం ఖాయం. ముందే అదే కొలత క్లిప్పులు తెచ్చుకోవాలి. క్లిప్పులు లేకుండా వదిలేస్తే లైనరు చక్రానికి రాసుకుని చిరుగుతుంది, ఆ చిరుగులోంచి బురద నేరుగా మోటారు కనెక్టరు మీద పడుతుంది.

గ్రోమెట్ తీసి చూస్తే కారణం చేతిలోనే కనబడింది. రబ్బరు గట్టిపడి, పాత మోటారు గొంతు కొలతకే బిగుసుకుపోయింది. వేలితో నొక్కితే తిరిగి పొంగడం లేదు. కొత్త మోటారు గొంతు వెంట్రుకవాసి సన్నం. పాత మోటారుకు సరిపోయిన రబ్బరు దీన్ని పట్టుకోలేదు. మోటారును దూర్చడానికి స్క్రూడ్రైవరుతో తోసినట్టు లోపలి అంచు మీద నిలువు గీత కూడా ఉంది. లీకు పెరిగింది ఆ గీత వల్లే. దాన్ని ఆపాలని చుట్టూ సిలికాన్ పూశారు. తడి మీద పూసిన సిలికాన్ అతుక్కోదు, పైగా గ్రోమెట్‌కూ ట్యాంకు గోడకూ మధ్య చేరి రబ్బరు సరిగా కూర్చోకుండా చేస్తుంది. మోటారు మార్చినప్పుడల్లా గ్రోమెట్ కూడా మార్చాలి. మోటారు ధరతో పోలిస్తే దాని ఖరీదు లెక్కలోకి రాదు.

గ్రోమెట్ లోపలి చివర సన్నని జల్లెడ ఉంటుంది. ఈ బండిలో అది తెల్లటి మడ్డితో సగానికి పైగా మూసుకుపోయింది. ట్యాంకు అడుగునా అదే మడ్డి. యజమాని పోసేది ఇంటి బోరు నీళ్ళు, వాటిలో చెంచాడు బట్టల సబ్బు పొడి. సముద్రానికి దగ్గరి ఊళ్ళలో బోరు నీరు ఉప్పగానో, కాల్షియం ఎక్కువై కటికగానో (కఠిన జలంగా) ఉంటుంది. సబ్బు పొడిలో చాకలి సోడా ఉంటుంది. కటిక నీటిలోని కాల్షియంతో అది కలిస్తే సున్నపు పొడిలా విడిపోయి అడుగున దిగుతుంది. ఆ మడ్డే జల్లెడను, ఆ తర్వాత జెట్టు రంధ్రాలను పూడుస్తుంది. మోటారుకు నీరు సరిగా అందకపోతే శబ్దం సన్నగా, ఎక్కువ వేగంగా వస్తుంది. ఆ శబ్దం విని మోటారు అరిగిందనుకుంటారు. పాత మోటారును తీసేయడానికి బహుశా అదే కారణం.

ట్యాంకు దింపడానికి బోల్టులు 10 మి.మీ. స్పానరువి. దింపాక సగం వెనిగర్, సగం వేడి నీళ్ళు పోసి గంటసేపు నానబెట్టాం. సున్నపు మడ్డి బుడగలు వస్తూ కరుగుతుంది. సీసాలు కడిగే బ్రష్షుతో లోపల తోమి, నీరు తేటగా వచ్చేదాకా కడిగాం. ఒక హెచ్చరిక: నాచు చావాలని బ్లీచింగ్ వాడేవాళ్ళున్నారు. వెనిగర్ పోసిన ట్యాంకులో బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. రెండూ ఒకే పనిలో వాడకూడదు.

కొత్త గ్రోమెట్ కొనేటప్పుడు పాతదాన్ని చూపించి “ఇలాంటిది” అంటే చాలదు. గట్టిపడిన పాత రబ్బరు కొలత నమ్మదగింది కాదు. ట్యాంకు రంధ్రం వ్యాసం, మోటారు గొంతు వ్యాసం, ట్యాంకు గోడ మందం, ఈ మూడూ వెర్నియర్‌తో (సన్నని కొలతలు తీసే పరికరంతో) కొలవాలి. రంధ్రం అంచున పాత సిలికాన్‌ను ప్లాస్టిక్ ముక్కతో గీకి తీయాలి. బ్లేడు వాడితే అంచు గంటుపడి కొత్త లీకు అక్కడే పుడుతుంది. గ్రోమెట్ ముందు ట్యాంకులో కూర్చోవాలి, ఆ తర్వాత మోటారు దూర్చాలి. రెండింటినీ కలిపి తోయకూడదు. జారడానికి సబ్బు నీళ్ళు చాలు. గ్రీజు, వాసెలిన్, ఇంజన్ ఆయిల్ పనికిరావు. ఈ గ్రోమెట్లలో ఎక్కువ వాడే ఈపీడీఎం రబ్బరు పెట్రోలియం నూనెలకు ఉబ్బి మెత్తబడుతుంది. మోటారును బొటనవేలితో తోస్తూ అటూ ఇటూ కొద్దిగా తిప్పితే దానంతట అది కూర్చుంటుంది. బలం పెట్టాల్సి వస్తోందంటే గ్రోమెట్ కొలత తప్పని అర్థం.

కనెక్టరులో పిన్నులు పచ్చబడ్డాయి. కారిన నీరు వైరు వెంటే జారి అందులోకి చేరింది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, బ్రష్షుతో తుడిచి, మల్టీమీటరుతో చూశాం. ముందు అద్దానికి లివరు నొక్కితే 12 వోల్టుల దరిదాపుల్లో, వెనక అద్దానికి నొక్కితే అంతే సంఖ్య మైనస్ గుర్తుతో రావాలి. వచ్చింది. వైరు కనెక్టరుకు చేరే ముందు కిందికి ఒక వంపు ఉండేలా కట్టాం. వైరు వెంట వచ్చిన నీటి చుక్క ఆ వంపు దగ్గర రాలిపోతుంది, కనెక్టరు దాకా ఎక్కదు.

ఇంతటితో నిలబడినప్పటి లీకు పోయింది. ఇక నొక్కినప్పటివి. వీటిని మొదట ముట్టుకోకపోవడానికి కారణముంది. ట్యాంకులో నీరు తగ్గితే మోటారు గాలి పీలుస్తుంది, జెట్టు బలహీనపడుతుంది. అప్పుడు పైపు లీకు ఎంతో, గాలి ఎంతో విడదీసి చెప్పలేం.

బానెట్ ఎత్తి, ఒకరు లివరు రెండు మూడు సెకన్లు నొక్కుతుంటే ఇంకొకరు చూడాలి. బానెట్ కింది దళసరి గుడ్డ వెనక, పైపు రెండుగా చీలే టి జాయింటు నుంచి డ్రైవరు వైపు నాజిల్‌కు (నీరు చిమ్మే ముక్కకు) వెళ్ళే పైపు మీద సన్నని చిమ్ము కనబడింది. గుడ్డ విప్పితే జంట పళ్ళ గాట్లు, పక్కనే కొరికి పోగు చేసిన గుడ్డ పీచు, నాలుగు వడ్ల గింజలు. ఎలుక పని. సార్వా (ఖరీఫ్ వరి) కోతలయ్యాక పొలాల్లో తిండి, దాగే చోటు తగ్గి ఎలుకలు, పందికొక్కులు ఇళ్ళ వైపు వస్తాయి. గడ్డివాము పక్కన, రాత్రి దాకా వెచ్చగా ఉండే ఇంజను వాటికి మంచి గూడు. వాటి ముందు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, కొరకడం మానవు. ఈ గాటు విషయంలో తొందరపడాల్సిన కారణం ఇంకొకటుంది. చిమ్మే నీరు, ప్లగ్గులకు కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్స్ మీద పడే దారిలో ఉంది. ప్లగ్గు గుంటలో నీరు నిలిస్తే ఇంజను మిస్ కొడుతుంది, జనం పెట్రోలులో నీళ్ళు కలిశాయని బంకు మీద పడతారు.

ఆ పైపు మీద అంతకు ముందు ఇంకో అతుకు ఉంది. సెలైన్ గొట్టం ముక్క. ఇక్కడ చాలా చోట్ల చేసే పనే, సులువుగా దొరుకుతుంది కాబట్టి. అది మెత్తటి పీవీసీ. ఇంజను వేడికి సాగి జాయింటు మీద నుంచి జారుతుంది, చల్లబడ్డాక గట్టిపడి పట్టు వదులుతుంది. చేపల తొట్టి గొట్టానిదీ అదే సంగతి. టి జాయింటు నుంచి నాజిల్ దాకా మొత్తం పైపు తీసేసి, లోపలి వ్యాసం 4 మి.మీ. ఉన్న ఈపీడీఎం రబ్బరు పైపు వేశాం. చివరలు బ్లేడుతో అడ్డంగా నిటారుగా కోయాలి. కత్తెర పైపును నలిపి అంచు ఏటవాలు చేస్తుంది. జాయింటు పళ్ళ మీదికి కనీసం 10 మి.మీ. ఎక్కాలి. ఎక్కకపోతే చివరను వేడి నీళ్ళలో అర నిమిషం ముంచాలి, లైటరు మంట చూపించకూడదు. బానెట్ మడత దగ్గర పైపు వదులుగా ఉండాలి. బానెట్ పూర్తిగా ఎత్తి, పూర్తిగా దించి, రెండు స్థితుల్లోనూ పైపు నలగలేదని చూసి ఆ తర్వాతే క్లిప్పులు వేయాలి.

పైపు మార్చాక కూడా డ్రైవరు వైపు జెట్టు వంకరగా, సన్నగా వచ్చింది. నాజిల్ రంధ్రాల్లో మడ్డి మిగిలి ఉంది. నాజిల్ ఊడదీసి వెనిగర్‌లో నానబెట్టి, ఒంటి రాగి తీగ పోగుతో రంధ్రాలు శుభ్రం చేశాం. గుండుసూది గుచ్చితే రంధ్రం పెద్దదై చిమ్ము చెదురుతుంది. కంప్రెసరు గాలి కొట్టేవాళ్ళు పైపు విప్పకుండా కొడతారు, ఆ ఒత్తిడికి లోపలెక్కడో జాయింటు ఊడుతుంది. నాజిల్ విడిగా పట్టుకుని తక్కువ గాలితో కొట్టాలి. కొన్ని నాజిల్స్‌లో నీరు వెనక్కి జారకుండా చిన్న వాల్వు ఉంటుంది, వాటిలో గాలి ఒక దిశలోనే వెళ్తుంది. వెనక్కి గాలి పోలేదని నాజిల్ పాడైందనుకోకూడదు. చివరగా గోళీలాంటి జెట్టు మొనను సూదితో తిప్పి, నిలబడిన బండిలో చిమ్ము అద్దం మధ్య కంటే కాస్త పైన తగిలేలా సర్దాం. నడిచేటప్పుడు గాలి చిమ్మును కిందికి వంచుతుంది.

డిక్కీ తడి వేరే లీకు. వెనక లివరు నొక్కినప్పుడే వస్తుంది. వెనక డోరు పైభాగంలో బాడీకీ డోరుకీ మధ్య మడతల రబ్బరు గొట్టం ఉంటుంది, అందులోంచే వైర్లు, నీటి పైపు వెళ్తాయి. డోరు ఎత్తి దించిన ప్రతిసారీ ఆ పైపు అక్కడే వంగుతుంది. ఏళ్ళ తరబడి వంగి వంగి పగిలింది. కారిన నీరు పైకప్పు గుడ్డ వెనక జారి, వెనక స్తంభం లోపల దిగి, స్పేరు చక్రం గుంటలో చేరింది. చాలామంది డోరు రబ్బరు మారుస్తారు, వాన నీరనుకుని. తేడా తెలుసుకోవడం సులువు. గుంటలో నీటికి మన మిఠాయి రంగు ఉంటే వాషర్ నీరే.

ఇక్కడ అతుకు పెట్టకూడని చోటు ఒకటుంది: ఆ మడతల గొట్టం లోపల. అతుకు వంగదు, పక్కనే పైపు మళ్ళీ విరుగుతుంది. పగిలిన పైపును రెండు వైపులా గొట్టం దాటాక కోసి, పాత పైపు చివరకు కొత్తదాన్ని దారంతో కట్టి, సబ్బు నీళ్ళు రాసి మెల్లగా లాగాం. జాయింటు పైకప్పు వైపున, గొట్టం దాటాక పెట్టాం. గొట్టం తెరిచినప్పుడే వైర్ల మీది పూత పగిలిందేమో చూడటం మంచిది, పైపు పగిలేంత వంగిన చోట వైర్లూ అంతే వంగి ఉంటాయి. పైకప్పు అంచున కర్టెన్ ఎయిర్‌బ్యాగు ఉన్న బండ్లలో ఆ అంచులో స్క్రూడ్రైవరు గుచ్చడం, గుడ్డను బలవంతంగా లాగడం ప్రమాదం. అలాంటి బండిలో ఈ పని ఎయిర్‌బ్యాగు పని తెలిసినవాళ్ళే చేయాలి.

కార్పెట్ పైన ఆరినట్టున్నా కింద స్పాంజి నీరు పట్టి ఉంచుతుంది. తీసి, మంచినీళ్ళతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాకే వేయాలి. చేరినది ఉప్పు బోరు నీరు కాబట్టి స్పేరు గుంటను కూడా మంచినీళ్ళతో కడగాలి. ఉప్పు మిగిలితే సముద్రపు గాలిలోని తేమనే పీల్చుకుని రేకు తుప్పు పడుతుంది.

పని అయ్యాక మొదటి పరీక్షే మళ్ళీ: 2 లీటర్ల రంగు నీరు, మెడ మీద మట్టం దగ్గర టేపు, కింద పొడి పేపర్లు, రాత్రంతా. తెల్లారి మట్టం కదల్లేదు, పేపరు పొడిగా ఉంది. ముందు, వెనక ఐదేసి సెకన్ల చొప్పున కొట్టి, ప్రతి జాయింటు కింద టిష్యూ పెట్టి చూశాం. ట్యాంకు ఖాళీ అయితే లివరు నొక్కుతూ ఉండకూడదు, నీరు లేకుండా తిరిగితే మోటారు సీలు వేడెక్కి అరుగుతుంది.

యజమానికి చెప్పింది: ఆర్‌ఓ నీళ్ళు పోయాలి, బోరు నీళ్ళు వద్దు. వరద రోజుల్లో కాలవలో వచ్చే ఎర్రనీరు అసలే వద్దు, ఒండ్రు జల్లెడలో పేరుకుంటుంది. సబ్బు పొడి బదులు కార్లకు అమ్మే వాషర్ ద్రావణం, సీసా మీద రాసిన పాళ్ళలో. మనకు నీరు గడ్డకట్టే చలి లేదు, కాబట్టి చలి దేశాల రకం కొనక్కర్లేదు. బండి గడ్డివాము నుంచి దూరంగా ఉండాలి. ఇంజను గదిలో పొగాకు కాడలు పెట్టడం ఇక్కడ అలవాటు. వాసన కొద్ది రోజుల్లో పోతుంది, ఎండిన కాడ వేడి పొగ గొట్టం దగ్గరికి జారితే నిప్పంటుకునే ప్రమాదం మాత్రం మిగులుతుంది. ఎలుకల మందు కూడా బానెట్‌లో వద్దు, చచ్చిన ఎలుక ఏసీ దారిలో ఇరుక్కుంటే ఆ కంపు వదిలించడం లీకు కంటే పెద్ద పని. షెడ్డులో బోను పెట్టడం, రాత్రి బానెట్ ఎత్తి ఉంచడం మేలు.

ఈ బండిలో ట్యాంకు పగల్లేదు. పగిలి ఉంటే ఎం-సీల్, సిలికాన్ ఏదీ నిలిచేది కాదు. ఈ ట్యాంకులు పాలీఎథిలీన్ లేదా పాలీప్రొపిలీన్‌వి, వాటికి జిగురు పట్టదు. ట్యాంకు మీద అచ్చుపోసిన గుర్తు చూసి, అదే ప్లాస్టిక్ ముక్కను వేరే పాత ట్యాంకు నుంచి కోసి, సోల్డరింగ్ ఇనుముతో కరిగించి పగులులో నింపాలి. పగులు రెండు చివర్లా 2 మి.మీ. డ్రిల్లుతో రంధ్రం వేసి, దాన్నీ నింపాలి, లేకపోతే పగులు ముందుకు పాకుతుంది. తేమ ఉంటే కరిగిన ప్లాస్టిక్‌లో బుడగలు వచ్చి అక్కడే మళ్ళీ కారుతుంది, కాబట్టి ట్యాంకు పూర్తిగా ఆరాకే మొదలుపెట్టాలి. పగులు మోటారు రంధ్రం అంచును తాకి ఉంటే అతుకు పని పెట్టుకోకుండా ట్యాంకే మార్చాలి. అతికిన అంచు ఎప్పుడూ సరైన గుండ్రంగా రాదు, గ్రోమెట్ దాని మీద కూర్చోదు.